వైరు పీకుత, గంతే

నా నోటి గురించి మా ఊరు కొంటాలో ఎవరిని అడిగినా చెప్తారు. "ఆమె దగ్గరికి కంప్యూటర్ తీస్కపోతే ముందు మనల్ని రిపేర్ చేస్తది, తర్వాతనే డబ్బా ముట్టుకుంటది" అని బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో అనుకుంటారని మా ఆయనే ఓసారి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. మగవాడు అరిస్తే పనిమంతుడంటారు, ఆడది అరిస్తే నోరంటారు. అయినా నన్ను నేను వెనకేసుకురావడానికి ఇది రాయడం లేదు. నా నోటివల్ల, నా చేతిరాతవల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. అది ఎలా పోయిందో ఉన్నదున్నట్టు చెప్పాలి.

మా దుకాణం సగం కిరాణా, సగం కంప్యూటర్లు. మధ్యలో ప్లైవుడ్ అడ్డం. అటువైపు మా ఆయన పప్పులు, సబ్బులు, బీడీకట్టలు అమ్ముతాడు. ఇటువైపు నేను పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతాను. వెనక ఇల్లు. ఊరు దాటాక సుక్మా రోడ్డు మీద ఒక ట్రస్టువాళ్ళ చిన్న ఆసుపత్రి ఉంది. దాని ల్యాబ్‌లో రక్తకణాలు లెక్కబెట్టే యంత్రం ఒకటి ఉండేది. ఎక్కడో పెద్ద ఆసుపత్రివాళ్ళు వాడి వదిలేస్తే వీళ్ళకు దానంగా వచ్చింది. పాతదే అయినా మంచిది. చిక్కంతా దాని సాఫ్ట్‌వేర్‌తోనే. అది ఏనాటిదో పాత విండోస్ మీద తప్ప నడవదు. తయారుచేసినవాళ్ళను అడిగితే కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వరు, కొత్త యంత్రం కొనుక్కోమంటారు.

దానికి తగిలించిన పాత కంప్యూటర్ ఒక వానాకాలం పిడుగుకు మాడిపోయింది. హార్డ్‌డిస్క్ ఒక్కటే బతికింది. నేను ఒక సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ తీసుకుని, ఆ పాత విండోస్‌ను మొత్తంగా దాని లోపల వర్చువల్ మెషీన్‌గా పెట్టాను. తెలియనివాళ్ళకు నేను చెప్పే తీరు ఇది: కొత్త ఇంట్లో ఒక గదిని అచ్చం పాత ఇంటిలా సర్ది, ముసలమ్మను తెచ్చి అందులో ఉంచామనుకోండి. ఇల్లు మారిన సంగతి ఆమెకు తెలియదు, హాయిగా ఉంటుంది. కానీ ఆ గది చురుగ్గా నడవాలంటే బయటి కంప్యూటర్ ప్రాసెసర్ సాయం చేయాలి. ఆ సాయం ఉండాలా వద్దా అనే సెట్టింగ్ ఒకటి బయోస్‌లో, అంటే విండోస్ రాకముందే కంప్యూటర్ చూసుకునే సెట్టింగుల్లో ఉంటుంది. ఆ డెస్క్‌టాప్‌లో అది ఆఫ్‌లో ఉంటే, ల్యాబ్‌లో బిగించిన రోజు నేనే ఆన్ చేశాను. ఆఫ్ అయితే వర్చువల్ మెషీన్ పూర్తిగా ఆగదు, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుంది.

నేను అమ్మే ప్రతి డబ్బా మీద ఒక తెల్లకాగితం అతికిస్తాను. ఏమేం మార్చానో దాని మీద స్కెచ్‌పెన్‌తో రాసి సంతకం పెడతాను. అది నా పద్ధతి, నా గర్వం కూడా. ఆ డబ్బా మీద "ఫ్యాన్ శుభ్రం. ర్యామ్ కొత్తది. సెల్లు కొత్తది" అని రాశాను. శివరాత్రికి ముందు ల్యాబ్‌లో పెట్టి వచ్చాను. వానలు మొదలయ్యేదాకా ఒక్క ఫోన్ రాలేదు.

ల్యాబ్‌లో పనిచేసే ఆమెది మరైగూడ. దొర్ల ఆదివాసుల మనిషి. జగదల్‌పూర్‌లో హాస్టల్లో ఉండి ల్యాబ్ కోర్సు చదివి వచ్చింది. నాకన్నా ఐదారేళ్ళు చిన్నదేమో, నన్ను అక్కా అనేది. సంతరోజు ఊళ్ళనుంచి వచ్చే ఆడవాళ్ళు డాక్టరు కన్నా ముందు ఆమె కోసమే వెతికేవారు. సూది గుచ్చేటప్పుడు వాళ్ళ దొర్లి భాషలో ఏదో ఒకటి చెప్పి నవ్వించేది. ఆ ఆసుపత్రిలో దొర్లి వచ్చినది ఆమె ఒక్కతే.

మొదటి వానలు పడ్డ వారం ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, మిషన్ మంచిగ నడుస్తలేదు. ఒక్క రిపోర్టుకు అర్ధగంట పడ్తున్నది."

"ఏం చేసినవ్ దానికి?" అన్నాను. నా మొదటి మాట అదే. బాగున్నావా అని కూడా అనలేదు.

నా పనంతా తెముల్చుకుని పదకొండింటికి స్కూటీ మీద పోయాను. నిజంగానే మౌస్ కదిపితే బాణం గుర్తు కాసేపాగి కదులుతోంది. యంత్రం నుంచి వచ్చే లెక్కలు మధ్యలో తెగిపోతున్నాయి. ర్యామ్ తీసి తుడిచాను, కేబుల్ మార్చాను, వైరస్ వెతికాను. పూట గడిచిపోయింది. చివరికి ఆ వర్చువల్ మెషీన్‌ను అట్లాగే నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి నడిపితే గుర్రంలా పరుగెత్తింది. అంటే లోపలి ముసలమ్మకు ఏమీ కాలేదు, తేడా ఇంట్లోనే ఉంది. డెస్క్‌టాప్ బయోస్ తెరిచి చూస్తే నేను ఆన్ చేసిన సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది ఎవరు ముట్టిండ్రు?"

"ఏది అక్కా?"

"నాటకాలొద్దు. ఈ సెట్టింగ్ దానంతటది మారదు."

"నేనేం ముట్టలే. పొద్దుగాల ఆన్ చేస్త. సాయంత్రం బంద్ చేసి వైరు పీకుత, గంతే."

"వైరు అందరు పీకుతరు. నేనడిగింది అదా?"

నేను సెట్టింగ్ ఆన్ చేసి, యంత్రం చకచకా నడవడం చూపించి, ఇంకోసారి ముడితే ఊరుకోనని చెప్పి వచ్చాను.

వైరు పీకుత అని ఆమె అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మా వైపు తొలి ఉరుము వినబడిన రోజు నుంచి వానలు వెనకబట్టేదాకా, సాయంత్రమైతే ప్రతి ఇంట్లో వైర్లు పీకేస్తారు. టీవీది, ఫ్రిజ్‌ది, డిష్‌ది, ఫోన్ చార్జర్‌తో సహా. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బోర్డులోంచి బయటికి రావాల్సిందే. ఇక్కడి పిడుగులు అలాంటివి. ఇంటికి తాళం వేశానని ఎవరూ చెప్పుకోనట్టే వైరు పీకానని కూడా ఎవరూ చెప్పుకోరు. కాబట్టి ఆమె చెప్పింది నా చెవిన పడింది గాని లెక్కలోకి రాలేదు.

మరునాడు పొద్దున మళ్ళీ ఫోన్. మళ్ళీ అదే ఈడ్పు. పోయి చూస్తే సెట్టింగ్ మళ్ళీ ఆఫ్. ఈసారి బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. ఆమెను గది బయటికి పంపి మరీ పెట్టాను. "ఇంక చూస్త ఎట్ల మారుస్తవో" అన్నాను. ఆమె తల కిందికి వేసుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందని అనుకున్నాను. అవమానంతో కూడా మనిషి తల దించుతుందని నాకు తోచలేదు.

ఆ మరునాడు పాస్‌వర్డే లేదు. బయోస్ అడగకుండానే తెరుచుకుంది. సెట్టింగ్ ఆఫ్. నా పాస్‌వర్డ్‌ను తీసేసిందంటే ఎంత తెలివైనది, ఎంత నంగనాచి. కిటికీలోంచి చూసి ఉంటుందనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. పాస్‌వర్డ్ కూడా పోయిందంటే నా వృత్తిలో ఉన్న ఎవరికైనా బుర్ర వెలగాలి. నాకు మాత్రం ఆమె చెయ్యే కనబడింది. దొర్లపిల్ల నా పనికి అడ్డం వస్తుందా అన్న పొగరు కూడా అందులో ఉంది. లేదని అబద్ధం ఆడను.

ఆసుపత్రి మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచాడు. గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన కోస్తా మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు, మీరు మీరు అంటూనే కత్తి దింపుతాడు.

"చూడండి మేడమ్, నాకు ఒక్కటే తెలియాలి. తప్పు మిషన్‌దా, మనిషిదా? మిషన్‌దైతే మీరు వేరేది ఇవ్వాలి. మనిషిదైతే నేను చూసుకుంటాను. భద్రాచలం ల్యాబువాళ్ళు రోజూ జీపు పంపి శాంపిల్స్ పట్టుకెళ్తామంటున్నారు. అలాగైతే ఇక్కడ ల్యాబ్ కూడా అక్కర్లేదు, ఆవిడా అక్కర్లేదు. ఈ నెలాఖరుకి తేల్చేయాలి."

"జీపు రోజూ వస్తదా? వాగు పొంగితే?" అన్నాను.

"అది నేను చూసుకుంటాను. మీ సంగతి చెప్పండి. మీరు పెట్టిందే నాసిరకం అని ట్రస్టులో అంటున్నారు."

ఆ చివరి మాట కావాలనే అన్నాడు. ఎక్కడ నొక్కితే నేను లేస్తానో అతనికి తెలుసు. నేను లేచాను. డబ్బాను స్కూటీ ముందు పెట్టుకుని దుకాణానికి తెచ్చాను.

సెట్టింగ్ మళ్ళీ ఆన్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, నాలుగు రోజులు నా బల్ల మీద దాని ప్రాణం తీశాను. రోజుకు ఇరవైసార్లు ఆపి మళ్ళీ వేశాను. ఎండలో, ఉక్కలో, ఫ్యాన్ కింద, ఫ్యాన్ లేకుండా. ఒక్కసారి కూడా సెట్టింగ్ పోలేదు, పాస్‌వర్డ్ పోలేదు. లోపలి పాత విండోస్ చిటికెలో లేచేది. నా బల్ల ఇన్వర్టర్ మీద ఉంటుంది. దాని వైర్ల జోలికి ఎవరూ రాకూడదని ఇంట్లో నా ఆజ్ఞ. మా అత్తమ్మ మబ్బు పడితే చాలు ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకుతుంది. ఒకసారి నా బల్ల వైరు కూడా పీకితే మధ్యలో ఉన్న పని పాడై పెద్ద రభస చేశాను. ఆ తర్వాత ఆమె ప్లైవుడ్ దాటి ఇటు రావడం మానేసింది.

మూడోరోజు ల్యాబ్ ఆమె ఫోన్ చేసింది. "అక్కా, దొరికిందా?"

"దొరికింది. నువ్వే" అని పెట్టేశాను.

మా రాష్ట్రంలో ఆఫీసు కాగితాలన్నీ హిందీలోనే కాబట్టి, నాలుగోరోజు మేనేజరుకు హిందీలో కాగితం రాసిచ్చాను. "కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు. నా దుకాణంలో నాలుగు రోజులు సరిగ్గా పనిచేసింది. ఆసుపత్రిలో ఎవరో సెట్టింగ్ మారుస్తున్నారు, పాస్‌వర్డ్ తొలగిస్తున్నారు." కింద సంతకం. పేరు రాయలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ గది తాళంచెవి ఆమె ఒక్కదాని దగ్గరే ఉంటుందని నాకు తెలుసు, మేనేజరుకూ తెలుసు. డబ్బా కూడా అదేరోజు తిరిగి పంపేశాను.

రెండు రోజుల తర్వాత ల్యాబ్ ఆమె దుకాణానికి వచ్చింది. చెప్పులు గడప బయట విడిచి నిలబడింది. కూర్చోమని నేను అనలేదు.

"ఏం రాసినవ్ అక్కా?"

"ఉన్నది రాసిన."

"నేను ముట్టంగ నువ్వు చూసినవా?"

"చూసుడెందుకు? అదే డబ్బా నా దగ్గర నడుస్తది, నీ దగ్గర నడవది. ఇంకేం సబూత్ కావాలె?"

"నీ దగ్గర నువ్వేం చేస్తవో, నా దగ్గర నేనేం చేస్తనో ఎన్నడన్న పక్కన కూసోని చూసినవా? ఎప్పుడొచ్చిన పదకొండు గొట్టినంకనే వస్తివి. నేను సాయంత్రం వైరు పీకుడు, పొద్దుగాల పెట్టుడు తప్ప ఇంకోటి చేయలే. మొదటినాడే చెప్పిన."

"నాకు పని నేర్పుతున్నవా? ఎంత చదువుకున్నవ్ నువ్వు?"

అటువైపు మా ఆయన తూకం ఆపేశాడు. సరుకులకు వచ్చినవాళ్ళు అడ్డం మీదుగా తొంగి చూస్తున్నారు. ఆమె గొంతు మాత్రం పెరగలేదు.

"ఎంత చదివినన్నది కాదక్కా. నెలాఖరికి రావద్దని సాబ్ చెప్పిండు. ల్యాబ్ల తప్పు పని చేసిందని మా ఊర్ల అప్పుడే అంటున్నరు. రేపు ఎవరి చెయ్యి పట్టుకుని సూది గుచ్చాలె నేను? నువ్వు ఒక్కసారి వచ్చి చూడు. పొద్దుగాల ఏడింటికి రా. నా ముందర నువ్వే ఆన్ చెయ్యి."

"నాకు వేరే పని లేదనుకున్నవా? నడువ్ బయటికి."

పొద్దున ఏడింటికి పోయి ఉంటే చాలు. ప్లగ్గు పెట్టకముందు, పెట్టిన తర్వాత నా కళ్ళతో చూసి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఆమె అడిగింది అంతే. ఆమె చెప్పులు వేసుకుని పోయింది. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినబడింది: "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు పిల్లా." ఆమెను కూడా కసిరాను.

నెలాఖరుకు ల్యాబ్‌కు తాళం పడింది. జీపు రావడం మొదలైంది. రక్తం ఇచ్చినవాళ్ళకు రిపోర్టు మరునాడు వస్తుంది, వాగు పొంగితే ఎప్పుడొస్తుందో చెప్పలేం. మేనేజరు డబ్బాను నాకే తిప్పి పంపాడు, ఇక అవసరం లేదని. బల్ల మీద పెట్టి వేస్తే సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉంది. "పోతూ పోతూ కూడ చేసిపోయింది" అని మా ఆయనతో అన్నాను. ఆన్ చేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఇంకెవరికైనా అమ్ముదామని అలాగే బల్ల మీద ఉంచాను.

ఆ వారంలోనే చింతూరులో మా బంధువుల ఇంట్లో పెళ్ళికి నేను, మా ఆయన పోయాం. ఒక రాత్రి అక్కడే ఉండి మరునాడు పొద్దున వచ్చాం. దుకాణం తెరిచి డబ్బా వేశాను. బాణం గుర్తు కదలడం లేదు. పాత విండోస్ లేవడానికి చాయ్ తాగేంతసేపు పట్టింది. బయోస్ తెరిచాను. సెట్టింగ్ ఆఫ్. కొత్తగా పెట్టిన పాస్‌వర్డ్ లేదు.

ఎప్పటిలాగే ముందు నోరు లేచింది. "అత్తమ్మా, నా బల్ల ఎవరు ముట్టిండ్రు? ఎవరొచ్చిండ్రు దుకాణంలకు?"

అత్తమ్మ చేటలో బియ్యం చెరుగుతూ వచ్చి ప్లైవుడ్ అవతలే నిలబడింది.

"ఎవరొస్తరు? నేనొక్కదాన్నే ఉంటి. నిన్న మబ్బు పట్టి ఒకటే ఉరిమింది, నువ్వు లేవు గదా అని ఇటొచ్చిన. వైరు పీకిన, తెల్లారి పెట్టిన, గంతే."

చేట చప్పుడు ఆగిపోయింది. ఆమెకు కూడా ఆ మాట ఎక్కడో విన్నట్టు తోచిందేమో.

"ఆ దొర్లపిల్ల గూడ గిదే అన్నది గద" అంది.

స్క్రూడ్రైవర్ తీసి డబ్బా పక్కరేకు విప్పాను. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు. కంప్యూటర్‌కు కరెంటు అందనప్పుడు బయోస్ సెట్టింగులను గుర్తుపెట్టుకునేది ఆ సెల్లే. అది చచ్చిపోతే, ప్లగ్గు పీకిన మరుక్షణం కంప్యూటర్ అన్నీ మరిచిపోయి పుట్టినప్పటి సెట్టింగులకు పోతుంది. ప్లగ్గు గుచ్చి ఉన్నంతకాలం మాత్రం, ఆపినా వేసినా, ఏమీ తెలియదు. కొన్ని బోర్డులు సెల్లు పోయిందని తెర మీద అరుస్తాయి. ఇది మూగది, ఏమీ అనదు. గడియారం కూడా పొద్దున తప్పే ఉండి ఉంటుంది, కానీ నెట్ రాగానే తనే సరిచేసుకుంటుంది. నేను పదకొండింటికి పోయేదాన్ని, అప్పటికే అది సరైపోయి ఉండేది.

సెల్లు తీసి వోల్టేజి మీటర్ పెట్టాను. దాదాపు సున్నా.

కొత్తది కదా అనుకున్నాను. కాగితం మీద నా చేతిరాత అలాగే ఉంది: సెల్లు కొత్తది. అప్పుడు గుర్తొచ్చింది. అటువైపు దుకాణం ముందు షాంపూ ప్యాకెట్ల పక్కన సెల్లుల అట్ట ఒకటి వేలాడుతుంది. ఎన్ని ఎండలు తిన్నదో, ఎన్ని వానల చెమ్మ తాగిందో. చేతికి దొరికిందని అందులోంచి చింపి పెట్టేశాను. అట్టలోంచి తీస్తే కొత్తదే కదా. మీటర్ బల్ల మీదే ఉంది, పెట్టి చూడలేదు. శివరాత్రి నుంచి వానల దాకా ఎందుకు నడిచిందంటే, అప్పటిదాకా ఆమె వైరు పీకే పని పడలేదు. ఆసుపత్రికి సోలార్ ఉంది కాబట్టి కరెంటు పోయేది కాదు. తొలి ఉరుము వచ్చిన రోజు నుంచి ఆమె చేయాల్సింది చేసింది. దానివల్లే దొంగయింది.

మంచి సెల్లు వేసి, సెట్టింగ్ ఆన్ చేసి, ప్లగ్గు పీకి మధ్యాహ్నం దాకా వదిలేశాను. తర్వాత వేస్తే అంతా పెట్టింది పెట్టినట్టు ఉంది. అత్తమ్మ అక్కడే నిలబడి చూస్తోంది.

"ఆడలేక మద్దెల ఓడన్నదట" అని లోపలికి పోయింది. ఈసారి నేను కసరలేదు.

ఆ సాయంత్రమే ఇంకో కాగితం రాసుకుని మేనేజరు దగ్గరికి పోయాను. సెల్లు పాడైనందున సెట్టింగులు పోయాయనీ, ఆమె తప్పు ఏమీ లేదనీ రాశాను. అతను చదివి ట్రే కింద పెట్టాడు.

"మంచిది మేడమ్. కానీ జీపువాళ్ళతో ఏడాదికి రాసుకున్నాం."

"ఆమెను మళ్ళ పిలువుండ్రి. డబ్బా నేను ఊరికే ఇస్త."

"ఇప్పుడు ల్యాబే లేదు కదండీ. మీ మొదటి కాగితం ట్రస్టు ఫైల్‌లోకి వెళ్ళిపోయింది."

"ఇది గూడ పెట్టుండ్రి ఫైల్ల. ట్రే కింద కాదు." నా గొంతు బయట కూర్చున్న రోగులదాకా పోయింది.

"అరవకండి మేడమ్. ఆవిడ మీద రాయమని నేను అడిగానా? రాసింది మీరు."

అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. జీపు కోసం ఒక సాకు వెతుకుతూ నా కాగితాన్ని వాడుకున్నాడు. కానీ రాసింది మాత్రం నేనే. ట్రే కింద నుంచి కాగితం లాక్కుని వచ్చేశాను.

మరునాడు మధ్యాహ్నం మరైగూడ పోయాను. ఆమె ఇంటి ముందు చాప మీద కూర్చుని వెదురు మొలకలు తరుగుతోంది. నన్ను చూసి కత్తిపీట ముందు నుంచి లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. అక్కా అనలేదు.

నిలబడే చెప్పాను. సెల్లు చచ్చిందని, వైరు పీకితే అన్నీ మరిచిపోయిందని, ఆమె తప్పు లేదని. మధ్యలో దూరంగా ఉరిమింది. ఆమె తరగడం ఆపి లేచింది. లోపలికి పోయి టీవీ వైరు పీకి, చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి మళ్ళీ కూర్చుంది.

"చెప్పు" అంది.

కాగితం ఇచ్చాను. మెల్లగా చదివింది.

"సెల్లు పాడైందని రాసినవ్. ఎవరేసిండ్రు ఆ సెల్లు?"

"నేనే."

"అది రాయలే."

కాగితం తీసుకుని, స్కూటీ సీటు మీద పెట్టుకుని పెన్నుతో రాశాను.

"నేను మొదటినాడే చెప్పిన. అది గూడ రాయలే."

అది కూడా రాశాను. ఆమె మళ్ళీ చదివి, మడిచి నా చేతికే ఇచ్చింది.

"నాకెందుకిది? ల్యాబ్ తలుపుకు అతికియ్యి. మావోళ్ళు ఆడికే వస్తరు."

"ల్యాబ్ బంద్ ఉన్నది గదా" అన్నాను. అన్న తర్వాత గాని తెలియలేదు ఏమన్నానో.

ఆమె నా ముఖం వైపు చూసింది. చినుకులు మొదలయ్యాయి. గిన్నె, కత్తిపీట ఎత్తుకుని, చాప చుట్టి లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను తడుస్తూ ఇంటికి వచ్చాను.

సంతరోజు పొద్దున ఏడింటికి ఆసుపత్రికి పోయి, తాళం వేసిన ఆ తలుపుకు కాగితం అతికించాను. మూలలు నొక్కుతుండగా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె చేతిలో డాక్టరు రాసిన చీటీ ఉంది. నన్ను దొర్లిలో ఏదో అడిగారు. నాకు దొర్లి రాదు. అయినా ఎవరి కోసం అడుగుతున్నారో అర్థమైంది.

"లేదు" అన్నాను.

"ఏంది, ఎందుకు లేదు?" అని రెండో ఆమె తెలుగులో అడిగింది.

కాగితం వైపు చెయ్యి చూపించాను. ఇద్దరూ కాగితాన్ని చూసి, మళ్ళీ నన్ను చూశారు. వాళ్ళకు చదువు రాదు.

"చదువు" అంది ఆ రెండో ఆమె.

హిందీలో ఉన్నదాన్ని తెలుగులో, వాళ్ళకు వినబడేట్టు చదివాను. "చచ్చిన సెల్లు వేసింది నేను. ఆమె మొదటిరోజే చెప్పింది. నేను వినలేదు."